తొమ్మిదో నంబర్ డాంపర్

“పద్నాలుగు డాంపర్లు, పద్నాలుగూ పాస్! మా చెల్లెలి క్లాసులో కూడా ఇంత మంచి రిజల్ట్ రాలేదండీ, ఉమేజు గారూ,” అంది చిహారు, పరీక్ష కాగితాలు బల్ల మీద పరుస్తూ.

ఒసాకా ఫ్యాక్టరీలో ఆమె అనుమానం మొదలైంది ఆ పొద్దునే. అభిమానం మాత్రం మూడు వారాల కిందటే మొదలైంది. ఆమెకు అవమానంగా ఉన్నది అదే. సెండాయ్‌లో కడుతున్న ఆసుపత్రి తరఫున తనిఖీకి వచ్చిన మనిషి, పరీక్షలు చేసే ఇంజనీరు ఉమేజు నవ్వు దగ్గరే ఫెయిలైతే ఎలా? భూకంపం వస్తే మేడ ఊపును మింగాల్సినవి డాంపర్లనే ఈ నూనె గొట్టాలే. ఇవి మింగకపోతే ఆ ఊపు మంచాల మీది రోగులను మింగుతుంది.

“మా డాంపర్లకి టెంపర్ లేదండీ. ఉన్నదంతా మీకే,” అన్నాడు ఉమేజు.

“నవ్వించకండి. ఇది చూడండి.”

ప్రతి కాగితం మీదా మేనేజర్ కురోదా ముద్ర, దాని పక్కన ఉమేజు ముద్ర. ఆఫీసు మర్యాద ప్రకారం కిందివాడి ముద్ర పైవాడి వైపు కాస్త ఒరగాలి, వంగి దండం పెడుతున్నట్టు. పదమూడు ఒరిగాయి. తొమ్మిదోది మాత్రం కర్రలా నిటారుగా నిలబడింది.

“ఆ రోజు మీ ముద్రకి నడుం పట్టేసిందా?”

ఉమేజు మొహంలో నవ్వు ఆరిపోయింది. “ఇది నేను వేసింది కాదు. తొమ్మిదోది ఫెయిలని రాశాను. ముద్ర వెయ్యనన్నాను. ఆ ముద్ర నా సొరుగులోనే ఉంటుంది... ఎవరికీ వంగే అలవాటు లేని చెయ్యేదో తీసి వేసింది.”

“దొరికిపోయిన ప్రతివాడూ ఇదే అంటాడు.”

“అయితే నన్ను నమ్మకండి. యంత్రాన్ని నమ్మండి.”

తొమ్మిదోదాన్ని తనే యంత్రానికి బిగించాడు. యంత్రం దాన్ని ముందుకూ వెనక్కూ కుదిపింది. తెర మీద గీత హద్దుకి చాలా కిందే చతికిలబడింది.

చప్పుడు విని కురోదా పరుగున వచ్చాడు. “ఎవరినడిగి ఎక్కించావయ్యా? రేపట్నుంచి ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?”

“ఆసుపత్రి ఉంటే చాలండీ.”

“పద్నాలుగూ మళ్లీ నా కళ్లముందే ఎక్కిస్తారు, కురోదా గారూ,” అంది చిహారు. “ఈ కాగితం నా సంచిలో ఉంటుంది. మీ సొరుగులంటే నాకు భయం.”

కురోదా ఫోన్ వైపు నడిచాడు.

“ఉద్యోగం పోతే ఏం చేస్తారు?” మెల్లగా అడిగింది.

“సెండాయ్ వస్తాను.”

ఆమె కళ్లు మళ్లీ అనుమానంతో చిన్నవయ్యాయి. “అక్కడ మీకెవరున్నారు?”

“ప్రస్తుతానికి ఎవరూ లేరు. మీరు తిరిగి వెళ్లాక ఉంటారు.”

చిహారు చెవులదాకా ఎర్రబడింది. ఏ రైలుకి వస్తాడో అడిగింది గాని, రుజువు మాత్రం అడగలేదు.