ఒక్క మడత మిగిలిన చొక్కా

ఆ ఇస్త్రీ షాపాయనకి లోకంలో ఒకే ఒక్క శత్రువు, మడత. ముప్పయ్యేళ్లుగా కనిపించిన మడతనల్లా కాల్చుకు తింటున్నాడు. అలాంటి మనిషికి పుట్టిన కూతురు ల్యాబ్‌లో మడతల మీదే పరిశోధన చేస్తోంది. రెండు మీటర్ల డీఎన్ఏ కంటికి ఆనని కణంలో ఎలా మడతపడి కూర్చుంటుందన్నది ఆమె చదువు. తండ్రి దృష్టిలో అది చదువు కాదు, మడతపేచీ.

ఆ పేచీలోకి ఇవాళ ఒక కుర్రాడు వచ్చి పడ్డాడు. ల్యాబ్‌లో ఆమె పక్క సీటు. డీఎన్ఏలో ఒకచోటినుంచి ఇంకోచోటికి గెంతే ముక్కల మీద పనిచేస్తాడు గనక అందరూ అతన్ని ‘గెంతు’ అంటారు. "నాన్నతో నువ్వే మాట్లాడు. ఆయన కాదంటే మన కథ కంచికే" అని ఆమె ముందే చెప్పేసింది. అందుకే గుండె చిక్కబట్టుకుని వచ్చాడు, నలిగిన చొక్కాతో!

ఆయన ఇస్త్రీ పెట్టె దించి ఎగాదిగా చూశాడు.

"చొక్కా తొడుక్కున్నావా బాబూ, ఎవరైనా నమిలి ఇచ్చారా?"

"బస్సులో నిలబడి వచ్చానండీ."

"ఏం చేస్తుంటావు?"

"గెంతే డీఎన్ఏ ముక్కల మీద పనండీ. మన డీఎన్ఏలో దాదాపు సగం వాటి బాపతే. ఎప్పుడో పిలవకుండా గెంతొచ్చి కూర్చున్నాయి."

"అవి చేసే పని?"

"చాలావాటికి ఏ పనీ లేదండీ" అన్నాడు గెంతు నిజాయితీగా.

"అచ్చం నీలాగే."

బల్ల అవతలి చివర బట్టలు సర్దుతున్న అమ్మాయి నుదురు కొట్టుకుని ఉరిమి చూసింది. గెంతుకి చెమటలు పట్టాయి. అది ఇస్త్రీ వేడి కాదు, స్త్రీ వేడి.

"కొన్ని పనికొస్తాయండీ! చూపిస్తాను" అంటూ అప్పుడే ఇస్త్రీ అయిన పన్నెండడుగుల కిటికీ తెర లాగాడు. ఆయన నోరు తెరిచేలోగా ఒక కొస ఆయన చేతిలో, రెండోది అమ్మాయి చేతిలో పెట్టేశాడు.

"మీరు స్విచ్చండీ. ఆ కొసన మీ అమ్మాయి జన్యువు. స్విచ్చు తగిలితేనే జన్యువు మేలుకుంటుంది. ఇంత దూరంలో ఎలా తగులుతుంది? కొన్ని గెంతుడు ముక్కలు క్లిప్పు పట్టే చోటుని వెంట తెస్తాయి. రెండు క్లిప్పులు కలిశాయంటే మధ్య గుడ్డంతా మడతపడి..."

బల్ల మీది బట్టల క్లిప్పులు రెండు తెరకి పెట్టి లాగాడు. తెర గిర్రున తిరిగింది. ఆయన వచ్చి గెంతు ఛాతీకి గుద్దుకున్నాడు. అమ్మాయి తెరలో చుట్టుకుపోయింది.

"జన్యువేదిరా?" అన్నాడు స్విచ్చు.

"తప్పు చోట పెట్టావు గెంతూ!" తెరలోంచి జన్యువు అరిచింది. "తప్పు చోట పడితే అక్కర్లేనిది మేలుకుంటుంది!"

"నేను మేలుకునే ఉన్నాను" అన్నాడు గెంతు బిక్కమొహంతో.

క్లిప్పు తీసి మూరెడు ఇవతల పెట్టాడు. ఈసారి తండ్రీ కూతుళ్లు ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరకొచ్చి ఆగారు. తెర నిండా మడతలు. తన పని కూడా అయిపోయిందనుకున్నాడు గెంతు.

"నీ కంటి కింద ఈ పుట్టుమచ్చ ఎప్పట్నుంచే?" అన్నాడాయన.

"పుట్టినప్పట్నుంచీ నాన్నా."

ఇన్నేళ్లుగా ఆయన ఈ చివర, ఆమె ఆ చివర. మధ్యలో పన్నెండడుగుల బల్ల, దాని మీద ఆవిరి.

"వీడంటే నీకిష్టమా?"

"ఇష్టం నాన్నా."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"ఆ చివర్నుంచి ఈ చివరికి అరిచి చెప్పమంటావా?"

ఆయన బల్లని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత గెంతు వైపు తిరిగాడు.

"చొక్కా విప్పు."

గెంతు బనీనుతో నిలబడ్డాడు. పెట్టె సర్రుమని సాగింది. కాలరూ, చేతులూ, వీపూ అద్దంలా తేలాయి. జేబు దగ్గర ఒక్క మడత మాత్రం అలాగే ఉంది.

"అది మర్చిపోయారండీ."

"మర్చిపోలేదు. అన్నీ తీసేస్తే మా అమ్మాయి చదువుకోడానికి నీలో ఏం మిగులుతుంది?" అని చొక్కా చేతికిచ్చాడు. "ముందీ బల్లని గోడకి జరపాలి. అటు పట్టు, అల్లుడూ."

చొక్కా తొడుక్కోవడం కూడా మర్చిపోయి ఒక్క గెంతు గెంతాడు. బల్ల దాటి, ఆమె పక్కన పడ్డాడు.

ఈసారి సరైన చోటే.