బీరువాలో లేని పాస్‌పోర్టు

“నీళ్ల అడుగున ఊపిరాడకపోతే పాప ఎవర్ని పిలుస్తాది సుంకలమ్మా? నోరు తెరిస్తే నీళ్లే కదా లోపలికి పోయేది?”

యశోదమ్మ ఈ మాట అన్నది 2008లో, దసరా వెళ్లాక వచ్చిన మంగళవారం పొద్దున, వంటింట్లో కొత్తిమీర తుంచుకుంటూ. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఏమీ జరగకముందే భయపడటం ఆమెకు అలవాటు. ఖనిజం లారీలు నడిపించే భర్త కేశవ గుండె ఆగి పోయాడన్న కబురు నాలుగేళ్ల కిందట ఫోనులోనే వచ్చింది. అప్పటి నుంచి ఫోను మోగితే చాలు, ఎత్తకముందే గోడ పట్టుకునేది. బళ్ళారి సత్యనారాయణపేటలోని ఆ ఇంట్లో ఇప్పుడు ఉన్నది ఆమె, కూతురు రజని. ఎన్నిసార్లు తుడిచినా కిటికీ చువ్వల మీద ఎర్ర దుమ్ము పేరుకునేది. లారీల హారన్లు తప్ప ఇంట్లో వేరే చప్పుడు ఉండేది కాదు.

రజనికి ఇరవై మూడేళ్లు. బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. దీపావళి వెళ్లాక ఇద్దరు స్నేహితురాళ్లతో మస్కట్ పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగే స్కూబా డైవింగ్ చేస్తానంటోంది. కట్టుబాట్లు గట్టిగా ఉండే ముస్లిం దేశం, తోడు మగదిక్కు లేదు, పైగా సముద్రం. యశోదమ్మకు నిద్ర పట్టకపోవడానికి వీటిలో ఒక్కటి చాలు.

ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న సుంకలమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తింది. “ఎల్లమ్మకి ముడుపు కడదాం లేమ్మా. పాప చల్లగా తిరిగొచ్చినాక ఇప్పి తల్లికి అప్పజెప్పొచ్చు.”

“నువ్వే కట్టు. నేను కట్టగూడదు కదా.” భర్త పోయాక ఇలాంటి శుభకార్యాలకు యశోదమ్మ తనంతట తనే దూరం జరిగింది. “లోపల ఒక రూపాయి బిళ్ళ పెట్టు, చాలు.”

ఆ సాయంత్రం రజని బీరువా తెరిస్తే పాస్‌పోర్టు లేదు.

*

పదకొండో రోజున యశోదమ్మ మోతీ సర్కిల్ దగ్గర ఒక ఫోటో స్టూడియో పక్కనున్న మెట్లెక్కింది. పైన ‘చిదానంద, ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు. మాయమైన లారీలను వెతకడం, పెళ్లికొడుకుల గుణగణాలు విచారించడం ఆయన వృత్తి. ఆ సమయంలో ఆయన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తింటున్నాడు. అసిస్టెంట్ అక్షత, ఆయన బజ్జి కొరికినా అందులో ఏదో అర్థం ఉందన్నట్టు పుస్తకం తెరిచి చూస్తోంది.

“నేను తీయలేదని నా కూతురికి చెప్పాల సార్,” అంది యశోదమ్మ కూర్చోకుండానే.

చిదానంద చేతులు తుడుచుకున్నాడు. “దొంగని పట్టీయమని అందరూ వస్తారమ్మా. నేను దొంగ కాదని తేల్చమని వచ్చింది మీరే. కూర్చోండి. ఆయమ్మి మిమ్మల్నే ఎందుకు అనుమానిస్తాంది?”

యశోదమ్మ కొంగు నలుపుకుంది. రజని పదో తరగతిలో ఉన్నప్పుడు ఎన్.సి.సి. క్యాంపుకు రమ్మని కాగితం వచ్చింది. బస్సు బోల్తా పడుతుందేమోనని యశోదమ్మ దాన్ని బియ్యం డ్రమ్ములో దాచింది. తేదీ దాటిపోయాక, బియ్యం కొలుస్తుంటే అది రజని చేతికే తగిలింది.

“అప్పుడు దాచింది నేనే. ఈసారి నేను గాదు. ఒట్టేసినా నమ్మలేదు. పదకొండు దినాలైంది నాతో మాట్లాడి. పూటపూటకీ గది వాకిలి కాడ నిలబడి అన్నం పెట్టనా అని అడుగుతాను. జవాబుండదు. నేను పోయినాక వచ్చి తనే తట్టలో పెట్టుకుని తింటాది.”

“కొత్త పాస్‌పోర్టు?”

“నెల పైన పడతాదంట. ప్రయాణం ఇంక ఎనిమిది దినాలే.”

చిదానంద కళ్లద్దాల మీది దుమ్ము తుడిచి పెట్టుకున్నాడు. “ఒక్క మాట. నేను దాన్ని పట్టిస్తే ఆయమ్మి పోతాది. సముద్రంలో దిగుతాది. మీకు సరేనా?”

“పోతే భయమే సార్. కానీ పక్క గదిలోనే ఉండి పలకని బిడ్డని చూసుకుంటా ఎన్ని దినాలు బతకాల?”

అక్షత రాయడం ఆపింది. చిదానంద చెప్పులు వేసుకున్నాడు.

*

బీరువా తాళాలు వంటింటి గుమ్మం పక్క మేకుకు వేలాడుతుంటాయి. ఇంట్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు. చిదానంద బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. టిక్కెట్టు కాగితాలు, డైవింగ్‌కు పనికొస్తుందని డాక్టరు ఇచ్చిన పత్రం, రెండు ఫోటోలు, అన్నీ మడత నలగకుండా ఉన్నాయి. పాస్‌పోర్టు ఒక్కటే లేదు. కవరు అంచున ఎండిన పసుపు మరక.

“వంటింటి చేతులు సార్. అందరివీ పసుపే,” అంది యశోదమ్మ.

“కూర పసుపైతే నూనె జిడ్డు ఉంటాది. ఇది ఒట్టి నీళ్లతో తడిపిన పసుపు. రాసుకో అక్షతా.”

రజని గదిలోంచి వచ్చి హాల్లో కూర్చుంది. తల్లి వైపు చూడలేదు.

“ఇల్లంతా వెతికినారా?” చిదానంద అడిగాడు.

“పరుపుల కింద, పిండి డబ్బాలు, బావి మోటారు గూడు, అంతా. బియ్యం డ్రమ్ము మొట్టమొదట,” అంది రజని. ఆ చివరి మాటకు యశోదమ్మ తల వంచుకుంది.

“ఆ దేశానికే ఎందుకమ్మా?”

“సముద్రం బాగుంటాది, మా జీతాలకి అందుబాటులో ఉండాది. నేనేం తెలీకుండా పోవడం లేదు సార్. రంజాన్ నెల అయిపోయినాకనే పెట్టుకున్నాం. నేర్పేది ఆడామె. నీళ్లలో ఒళ్లంతా కప్పే సూటు. బయట తిరిగేదానికి మా టైలరు ఖాజాబీ కాళ్లదాకా వదులు బట్టలు కుట్టిచ్చింది. వాళ్ల ఊరికి పోతే వాళ్ల మర్యాద మనం చూసుకోవాల. చివరి దినం నీళ్లలోకి దిగం గూడా. దిగినాక ఒక దినమంతా విమానం ఎక్కకూడదు.”

“సముద్రం అంటే అంత ఇష్టమా?”

రజని కిటికీ వైపు చూసింది. “మా నాయన కంప్లిలో ఏట్లో ఈత నేర్పించినాడు. ఒకసారి లారీలో పోర్టుకి తీసుకపోయినాడు. ఖనిజం దించేలోగా పొద్దు మునిగింది. క్యాబిన్‌లోనుంచే చూపించి, ఇంకోసారి దింపుతాలే అన్నాడు. నీళ్ల కింద దుమ్ముండదు, హారన్లుండవు. ఒక్కసారి అట్లాంటి చోట ఉండాలని.”

ఈ మాట యశోదమ్మ ఇదే మొదటిసారి వినడం. కూతురు ఇన్నాళ్లూ ఇది తనకు ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు. అడిగే తీరిక భయం ఇవ్వలేదు.

అంతలో మోక పల్లె నుంచి యశోదమ్మ అన్న వెంకటరామి మోటారు సైకిలు మీద దిగాడు. పొలాలతో పాటు చెల్లెలి లారీలు కూడా ఆయనే చూసుకుంటాడు.

“పాస్‌పోర్టు పోయిన దినం మీరు ఈడికి వచ్చినారంట?” చిదానంద ఆయన్ని అడిగాడు.

“వచ్చినా. చెల్లెలింటికి తినేదానికి పర్మిట్ కావాలనా ఏంది?” వెంకటరామి నవ్వాడు. “సార్, పిల్ల పోవడం నాకు ఇష్టం లేదు, ఊరంతా వినేట్టు అరిచినా. ఏట్లో చేపలు చూడొచ్చు కదమ్మా, అంత దూరం ఎందుకు అన్నా. కానీ నేను ఆపాలనుకుంటే ఆ టిక్కెట్టే చింపి దాని ముందర ఎగరేస్తా. పుస్తకం ఒక్కటి తీసి, కవరు మడిచి, తాళం మళ్లీ మేకుకి తగిలించే ఓపిక నాకు యాడిది? మా ఇంటామెని అడగండి, సొంత చొక్కా నేను ఎప్పుడైనా మడిచినానా అని.”

“మామా, నువ్వు ఊరుకో,” అంది రజని. కానీ పెదవి చివర కొంచెం కదిలింది.

యశోదమ్మ అందరికీ కాఫీ తెచ్చింది. సుంకలమ్మ తీసుకోలేదు.

“ముడుపు కట్టినప్పటి నుంచి ఈడ పచ్చి నీళ్లు గూడా ముట్టదు సార్. పాప కోసం ఒక్కపొద్దు,” అంది యశోదమ్మ మెచ్చుకోలుగా.

చిదానంద కాఫీ గ్లాసుతో దేవుడి గూటి ముందు నిలబడ్డాడు. ఫ్యాను గాలికి క్యాలెండరు టపటపా కొట్టుకుంటోంది. పక్క మేకుకు పసుపు గుడ్డ ముడుపు గోడకు పలకలా ఆనుకుని, కదలకుండా ఉంది.

“సుంకలమ్మా, నీకు పిల్లలు?”

“ఒక కూతురు సార్. ఈరమ్మ. ఆరేండ్ల కిందట ఒక ఏజెంటు ఇంటిపనికని మస్కట్ పంపిచ్చినాడు. మొదట్లో ఫోన్ చేస్తాండె. పుస్తకం ఇంటామె బీరువాలో పెట్టుకునింది, ఇస్తేనే గదమ్మా వస్తాను అంటాండె. మూడేండ్లైంది, ఏ కబురూ లేదు.”

“పాస్‌పోర్టు ఎట్లుంటాదో తెలుసా నీకు?”

“నల్లగా చిన్న పుస్తకం. పాపది గూడా చూసినా.”

“నువ్వు దొంగిలించినావా?”

“ఎల్లమ్మ సాక్షి సార్. ఈ ఇంట్లో పూచిక పుల్ల దొంగిలించలేదు.”

ఆమె గొంతు వణకలేదు. చిదానంద తల ఊపి, గ్లాసు కింద పెట్టాడు. “రేపు పొద్దున పదింటికి అందరూ ఈడ్నే ఉండండి.”

*

ఆదివారం పదింటికి అందరూ హాల్లో ఉన్నారు. రాత్రంతా కునుకు లేక యశోదమ్మ కళ్లు మండుతున్నాయి. తన అన్నే తీశాడని తేలితే? ఎవరన్నది తేలకుండా, తనే అని అందరూ నమ్మితే?

చిదానంద నిలబడే మొదలుపెట్టాడు. “ప్రయాణం ఆపాలనుకున్నోళ్లు కవరంతా మాయం చేస్తారు, లేదా చింపుతారు. ఈడ టిక్కెట్టు, డాక్టరు కాగితం భద్రంగా ఉండాయి. అంటే తీసినోళ్లకి రజనిని ఆపాలని లేదు. ఆ ఒక్క పుస్తకం మాత్రం వాళ్లకి కావాల. ఎందుకు? అది మొదటి ప్రశ్న.

“రెండోది, పసుపు నీళ్ల మరక. ఆ మంగళవారం ఈ ఇంట్లో పసుపు నీళ్లలో చేతులు పెట్టినోళ్లు ఎవరు? ముడుపు గుడ్డ తడిపినోళ్లు. మూడోది, ఇల్లంతా వెతికినారు, ఒక్క చోట తప్ప. అది ఎవరూ ముట్టరు. మొక్కు తీరేదాకా ఇప్పరు. ఒక రూపాయి బిళ్ళ ఉన్న ముడుపైతే ఉండ మాదిరి మూటగా వేలాడాల, ఫ్యానుకి ఊగాల. ఇది పలక మాదిరి చదునుగా, బరువుగా ఉండాది.”

అందరి చూపులూ గూటి వైపు తిరిగాయి. వెంకటరామి “అబ్బా” అన్నాడు. సుంకలమ్మ తలుపు చట్రం పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది.

“నిన్న నేను అడగడమే తప్పుగా అడిగినా,” అన్నాడు చిదానంద మెత్తగా. “దొంగిలించినావా అంటే లేదన్నావు. అది నిజం. దాచిపెట్టినావా అని అడిగుంటే నువ్వు అబద్ధం చెప్పేదానివి కాదు. ఈ ఇంటి అన్నం ముట్టకుండా పన్నెండు దినాలుగా నీకు నువ్వే శిక్ష వేసుకుంటాండావు.”

సుంకలమ్మ ముఖం కొంగులో దాచుకుంది. “ఆడికి తీసకపోతే లాక్కుంటారమ్మా. మా ఈరమ్మది లాక్కున్నారు, నా బిడ్డ ఆడ్నే నిలిచిపోయింది. పుస్తకం ఇంట్లో ఎల్లమ్మ తల్లి కాడ భద్రంగా ఉంటే పాప ఇంటికే వస్తాదని ముడుపులో పెట్టినా. టిక్కెట్టుంటే ఇమానం ఎక్కిస్తారనుకున్నా. మీరు వెతకబట్టినాక తెలిసింది అది లేందే పోనియ్యరని. అప్పటికే ముడి పడిపోయింది. పాప తిరిగి రాకుండా ఎట్ల ఇప్పేది? ఇప్పితే పాపకి ఏమన్నా అయితే? ఆ మాట ఎవరితో చెప్పేది?”

అక్షత పెన్ను మూసింది. సుంకలమ్మను కోప్పడాలని యశోదమ్మ నోరు తెరిచింది, కానీ కోపం రాలేదు. ఆ భయం తనదే. ఇరవై ఏళ్లుగా ఒకే వంటింట్లో, ఒక్కో మూల నిలబడి ఇద్దరూ విడివిడిగా భయపడుతూ వచ్చారు.

“మరి ఇప్పుడు ఎవరు ఇప్పుతారు?” వెంకటరామి గొంతు తగ్గించి అడిగాడు. “మొక్కు ముడుపు గదప్పా.”

చిదానంద కదలలేదు. సుంకలమ్మ తల అడ్డంగా ఊపింది. రజని లేవబోయింది.

“నువ్వొద్దు,” అంది యశోదమ్మ.

ఆమె స్టూలు లాక్కుని ఎక్కి, మేకు నుంచి ముడుపు దించింది. నాలుగేళ్లుగా ఏ శుభానికీ ముందుకు చాపని చేతులు. కళ్ల ముందు సముద్రం, నీళ్లలో తెరుచుకున్న నోరు, మోగే ఫోను, అన్నీ వచ్చాయి. “దోషమేమన్నా ఉంటే నాకు తగలనీ తల్లీ,” అని ముడి విప్పింది.

లోపల ఒక రూపాయి బిళ్ళ, పాస్‌పోర్టు. అట్టకు పసుపు అంటింది. పేజీలు బాగానే ఉన్నాయి. యశోదమ్మ చీర కొంగుతో అట్ట తుడిచి కూతురి చేతిలో పెట్టింది.

చిదానంద, అక్షత చెప్పకుండానే బయటికి నడిచారు. వెంకటరామి కూడా మోటారు సైకిలు దగ్గరికి వెళ్లాడు. రజని సుంకలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. “ఈరమ్మ ఉన్న ఇంటి అడ్రసు ఉండాదా నీ కాడ?” అని అడిగింది. సుంకలమ్మ నడుముకున్న సంచిలోంచి, మడతలు చిరిగిపోయిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. రజని దాన్ని పాస్‌పోర్టు పేజీల మధ్య పెట్టుకుని తన గదిలోకి వెళ్లింది.

మధ్యాహ్నమైంది. యశోదమ్మ వంట ముగించి, ఎప్పటిలాగే ఆ గది వాకిలి దగ్గరికి వెళ్లి నిలబడింది. తలుపు ఓరగా ఉంది.

“అన్నం పెట్టనా?”

లోపలి నుంచి ఏమీ వినబడలేదు. బైపాసు మీద ఒక లారీ పోయింది, దాని వెనకే ఇంకొకటి. ఫ్యాను తిరుగుతోంది. ఇక వంటింటికి వెళ్లిపోదామని యశోదమ్మ గుమ్మం మీది చెయ్యి తీసింది.

“పెట్టు మా,” అంది రజని. “మూడు తట్టలు పెట్టు. సుంకలమ్మ గూడా తినలేదు.”