గోడ దగ్గర గొడుగు

మా మరిది ప్రేమదాసుకి ఒక్క విద్య రాదు, తప్పు ఒప్పుకోవడం. కాఫీలో ఉప్పు కలుపుకున్నా "ఈమధ్య పంచదార ఇలాగే ఉంటోంది వదినా" అని గ్లాసు ఖాళీ చేసే రకం.

అలాంటివాడికి ఎనభై నాలుగు వేసవిలో ఒక పళ్ళపొడి కంపెనీ ఉద్యోగమిచ్చింది. గుంటూరులో మిరపకాయల గోడౌన్ల రోడ్డు మీద వాళ్ళ ప్రకటన రాయించిన గోడ ఉంది. దాన్ని ఎవరెన్నిసార్లు చూస్తున్నారో తేల్చాలి. ఈయన గోడ పక్కన గొడుగేసుకుని నిలబడి, దారిన పోయే ప్రతివాళ్ళనీ చూసినవాళ్ళ కింద జమకట్టేవాడు.

"ఆ ఘాటుకి అక్కడెవరు కళ్ళు తెరుస్తారు అబ్బాయ్? మొహాన కండువా కప్పుకుని పరిగెత్తడమేగా" అన్నాను.

"మీకు తెలీదు వదినా. మిషన్ స్కూలు టీచరొకావిడ, రెబ్కా అని, సరిగ్గా గోడ దగ్గరికొచ్చి మొహం మీంచి చెంగు తీస్తుంది. కళ్ళనీళ్ళు కారుతున్నా నిదానంగా చూసి మరీ వెళ్తుంది. రోజూ. ప్రకటనంటే అదీ."

నా చేతిలో గరిట ఆగింది.

"అయినా మనకెందుకులెండి. సోమవారం నుంచి నన్ను సింగరాయకొండ వెళ్ళమన్నారు" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

రెబ్కా మా చర్చి పిల్లే. వేటపాలెం నుంచి సంబంధం వచ్చిందనీ, ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమని వాళ్ళ నాన్న పట్టుబట్టాడనీ, పిల్ల నోరు మెదపడం లేదనీ విన్నాను. ఎందుకో ఇప్పుడర్థమైంది.

మర్నాడు క్యారేజీ వంకతో నేనే గోడ దగ్గరికి వెళ్ళి తుమ్ముతూ నిలబడ్డాను. ఒంటిపూట బడి వదిలారు. రెబ్కా వచ్చింది, చెంగు తీసింది.

"అడుగు" అని మావాణ్ణి మోచేత్తో పొడిచాను.

"ఏమండీ, రోజూ చూస్తున్నారుగా, మా ప్రకటన దేని గురించండీ?"

"సబ్బు కదండీ?"

"పళ్ళపొడండీ. అంతెత్తున పళ్ళు వేయించాం."

"అవునా." చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకు గొడుగే గుర్తుందండీ. మొన్నటిదాకా చిల్లుండేది. నల్లగుడ్డ దొరకలేదేమో, నీలం అతుకేశారు."

"మా ప్రకటనలో గొడుగు లేదండీ" అన్నాడు మా మేధావి.

"లేదండీ" అంది రెబ్కా మెల్లిగా. "ఎల్లుండి నాన్న వేటపాలెం వాళ్ళకి మాటిచ్చేస్తారు. మీరు చూస్తారేమోనని ఇన్నాళ్ళూ చూశాను."

ప్రేమదాసు నీలం అతుకు వంక చూశాడు. ఎర్రబడిన ఆమె కళ్ళలోకి చూశాడు. గొడుగు మెల్లిగా ఆమె మీదకి వంచాడు.

"రేపే అన్నయ్యనీ వదిననీ మీ ఇంటికి పంపిస్తాను. రమ్మనమంటారా?"

ఆమె తలూపింది. తర్వాత మావాడు నావైపు తిరిగి ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదు అబ్బాయ్. ఈ తుమ్ములొకటి" అన్నాను.

"తప్పు నాదే వదినా" అన్నాడు, రోడ్డంతా వినపడేలా. "ఆవిడ గోడని ఒక్కసారి కూడా చూళ్ళేదు."