కాళ్ళ నుంచి మొదలైన బొమ్మ

ఎవరైనా బొమ్మ గీస్తే ముఖం నుంచి మొదలుపెడతారు. రిబ్కా కాళ్ళ నుంచి మొదలుపెట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

2006 వానాకాలం. అప్పుడు నేను పాల్వంచ బస్టాండు ఏరియాలో జూనియర్ లైన్‌మన్‌ని. ఒక పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్తే, కింద ఉన్న పెద్ద ఫ్యూజు డబ్బా ముందు ఒక అమ్మాయి మఠం వేసుకుని కూర్చుంది. చేతిలో బ్రష్షు, చెంప మీద పసుపు రంగు.

"ఓ మేడమ్! ఏం చేస్తున్నరు? అది కరెంటు డబ్బా!"

"అవ్, తెలుసు. రాసుంది గదా," అంటూ పుర్రె గుర్తున్న బోర్డు చూపించింది.

"తెలిసి ముట్టుకుంటే షాక్ తక్కువ కొడ్తదా?"

"పైన రంగేస్తే ఏం కాదని మీ ఇంజినీరు ఏఈ గారే చెప్పిండు. మీకు చెప్పలేదా? అయ్యో, మీకు అన్నీ చెప్పరేమో."

ఒక కాగితం నా చేతిలో పెట్టింది. మున్సిపాలిటీ వాళ్ళు ఊళ్ళో ఇరవై కరెంటు డబ్బాల మీద బొమ్మలు వేయిస్తున్నారట. డబ్బాకో ఆర్టిస్టు. షరతు ఒక్కటే, అపాయం బోర్డు మీద చుక్క రంగు పడకూడదు. కింద 'కుమారి రిబ్కా' అని ఉంది.

సైన్‌బోర్డులు రాసే షాలేమ్‌రాజు గారి కూతురని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళూ ఆమె గీసిన బోర్డుల కింద నాన్న పేరే ఉండేది. సొంత పేరుతో వచ్చిన మొదటి పని ఇదే. అందుకే ఆ కాగితాన్ని మళ్ళీ నా చేతిలోంచి జాగ్రత్తగా లాక్కుని, మడిచి, బ్యాగులో దాచుకుంది.

డబ్బా అడుగున రెండు పాదాలు మాత్రం ఉన్నాయి. పసుపు రాసిన పాదాలు.

"ఎవరివి?" అన్నాను.

"పైదాకా వచ్చినంక తెలుస్తది."

"ముఖం ముందెయ్యచ్చు గదా?"

"ముఖం ముందేస్తే కాళ్ళను ఎవరు చూస్తరు? సరేగానీ, ఈ డబ్బా లోపల ఏముంటది?"

"బొమ్మెవరిదో చెప్పండి, చూపిస్త."

"అయితే వద్దులే," అని అటు తిరిగింది.

ఆ రాత్రి ఆ పాదాలెవరివో అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఆ అమ్మాయి గురించి కాదు, పాదాల గురించే. అట్లని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను.

"ఫ్యూజు చెక్ చెయ్యాలె."

"నిన్ననే చేసినవు గదా?"

"నిన్న మంచిగుంటే ఇయ్యాల గూడ మంచిగుండాల్నని రూలుందా?"

పెదవి బిగబట్టుకుని నవ్వాపుకుంది. ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. రంగు తడవకుండా డబ్బా మీద ప్లాస్టిక్ పట్టా కప్పి చెరో కొసా పట్టుకున్నాం. పట్టా డబ్బాకే సరిపోయింది, మేమిద్దరం నిలువునా తడిశాం. తలుపు తీసి లోపల చూపించమని మళ్ళీ అడిగింది. వానలో తీయకూడదన్నాను. "ఎండల తీస్తవా మరి?" అంది. తీస్తానన్నాను. ఎండ కోసం అంతగా ఎదురుచూడటం నా జీవితంలో అదే మొదలు.

ఎండ వచ్చింది, తలుపు తీశాను. మూడు ఫేజులు, ఏ ఫ్యూజు ఏ వీధికి పోతుందో అన్నీ అడిగింది. ఆమె మాత్రం బొమ్మెవరిదో చెప్పలేదు.

ఈలోగా చెప్పేవాళ్ళు వేరే తయారయ్యారు. డబ్బా పక్కనే పూలమ్మే కొండమ్మ, పసుపు పాదాలు చూడగానే ఒక బంతిపువ్వు పెట్టింది. ఎర్రచీర అంచు వచ్చేసరికి కుంకుమ పడింది. భుజం దాకా వచ్చాక, రంగు పడకూడదన్న పుర్రె బోర్డు సరిగ్గా భుజం పక్కన నిలిచింది.

"పుర్రె ఉన్నదంటే మామూలమ్మ కాదు, చానా శక్తి గల్ల తల్లి!" అని కొండమ్మ తేల్చేసింది. ఇంకేముంది, భద్రాచలం బస్సు ఆగితే చాలు, దిగినవాళ్ళంతా దండం పెట్టేవాళ్ళే. కొండమ్మ పూలు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి.

రిబ్కా నెత్తి కొట్టుకుంది. "నేను చర్చిల, సండే స్కూల్ల బొమ్మలు గీసేదాన్ని. నాకు ఏ అమ్మవారు తెలుసని?"

శుక్రవారం బొమ్మకు ముఖం వచ్చింది. నుదుట పచ్చబొట్టు ఉన్న పెద్దావిడ, నెత్తిన గంప. అదే రోజు ఫ్యూజు పోయి రెండు వీధులకు కరెంటు ఆగింది. నేను, మా సీనియర్ లచ్చయ్య పరిగెత్తాం.

"బూట్లిప్పి ముట్టు!" కొండమ్మ అడ్డం నిలబడింది.

"అమ్మా, రబ్బరు బూట్లు లేకుంటే నేను సస్త!"

"తల్లి ఉండంగ ఎట్ల సస్తవు?"

లచ్చయ్యను చూశాను. ఆయన అప్పటికే చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఏఈ గారే వచ్చి బతిమాలితే తలుపు తీయనిచ్చారు. లోపలి అంచున తడి. ఎవరో కొబ్బరికాయ తలుపుకేసి కొట్టారు.

ఏఈ గారు ఆ తడి చూసి నా వైపు తిరిగారు. "నీళ్ళు లోపలికి పోతే మనిషి పోతడు. బెన్నీ, సోమవారం సాయంత్రానికి దీనికి గ్రే రంగు కొట్టెయ్. నువ్వే కొట్టు."

సోమవారం గ్రే రంగు డబ్బా పట్టుకుని వెళ్ళాను. రిబ్కా అక్కడే ఉంది. సంగతి ఆమెకు ముందే తెలిసింది. ఏడవలేదు, అదే నాకు కష్టంగా ఉంది.

"ఆమె చిన్నక్క," అంది. "అడివి అవతల ఊరు. ప్రతి సోమవారం గంపలమ్మనీకి సంతకొస్తది. కాళ్ళ పగుళ్ళకు పసుపు రాసుకుంటది. బొమ్మ గీస్తనంటే 'ఇంత దూరం నడిచొచ్చిన కాళ్ళు, మంచిగ గీయి' అన్నది. చెరిపే ముందు ఆమెకు ఒక్కసారి చూపిస్త. అప్పటిదాక ఆగుతవా?"

"ఆగుత," అన్నాను.

అరగంటకు చిన్నక్కను వెంటబెట్టుకొచ్చింది. ఆమె గంప దించి, డబ్బాను పైనుంచి కిందికి చూసింది. ముందు నవ్వింది. తర్వాత బొమ్మ మెడలోని బంతిపూల దండ కనపడింది, కింద దీపం కనపడింది. నవ్వు పోయింది.

"ఎవరే నాకు దండేసింది? నేను సచ్చిన్నా?"

అందరూ నోరు తెరిచారు. బొమ్మలోని ముఖాన్ని, ఎదురుగా ఉన్న ముఖాన్ని మార్చి మార్చి చూశారు. అదే పచ్చబొట్టు, అదే ఎర్రచీర.

"బతికున్న మనిషి బొమ్మకు దండేస్తరా? దీపం గూడ పెట్టిండ్రు! నా ముసలోడు చూస్తే గుండాగి పోడూ?"

"అయ్యో అక్కా, నువ్వని తెల్వక..." కొండమ్మ పరుగున వచ్చి దండలన్నీ తీసి, దీపం ఆర్పి, చెంపలేసుకుంది. బతికున్న మనిషికి కీడు చేశామని మిగతా ఆడవాళ్ళు కొంగులతో కుంకుమంతా తుడిచేశారు. పావుగంటలో డబ్బా శుభ్రమైపోయింది.

"ఆ పుర్రె ఎవలు పెట్టిండ్రు?" చిన్నక్క ఇంకా ఊరుకోలేదు.

"అది మాది అవ్వా," అని తల దించుకున్నాను.

సాయంత్రం ఏఈ గారు వచ్చి చూశారు. డబ్బా మీద పూలు లేవు, తడి లేదు. విషయమంతా విని పొట్ట పట్టుకుని నవ్వారు. "ఉండనియ్," అని జీపెక్కారు.

అందరూ వెళ్ళాక రిబ్కా బ్రష్షులు కడుగుతూ అడిగింది. "చిన్నక్క ఇయ్యాల సంతకు రాకపోతే? నిజంగ గ్రే రంగు కొట్టేటోనివా?"

లేదు అని చెప్పొచ్చు. సినిమాల్లో హీరో అయితే అదే చెబుతాడు.

"కొట్టేటోన్ని," అన్నాను. "ఎవరన్న సచ్చిపోతరని భయమైంది. కొట్టి, మళ్ళ మీ ఇంటికొచ్చి, నీ కాళ్ళ మీద పడి అయినా ఇంకో డబ్బా మీద గీయమని అడిగేటోన్ని. నువ్వు మాట్లాడకపోతే రోజూ వచ్చేటోన్ని. నువ్వంటే నాకు అంత ఇష్టం, రిబ్కా."

కడిగిన బ్రష్షునే మళ్ళీ కడిగింది. నేను చెడగొట్టుకున్నాననే అనుకున్నాను.

"ఆదివారం ఇంటికి రా," అంది చివరికి. "ఈ మాట మా నాన్న ముంగట చెప్పు."

"నీ బొమ్మ చెరిపేటోన్నని చెప్తే తంతడు."

"తంతే తన్నించుకో. అబద్ధాలు చెప్పేటోనికి పిల్లనియ్యనని ఆయన ఎప్పుడూ అంటడు."

అన్నాక గానీ ఆమెకు తను ఏమందో తెలియలేదు. నాలుక్కరుచుకుంది, బ్రష్షులన్నీ తడితడిగానే బ్యాగులో కుక్కేసి వాళ్ళ కాలనీకి పోయే బస్సు వెనక పరిగెత్తింది.

"ఎన్ని గంటలకు రావాలె?" అని అరిచాను.

"చర్చి అయినంక!" అని ఫుట్‌బోర్డు మీంచి అరిచింది. బస్సులో జనమంతా నా వైపు తిరిగి చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.