తువాపిక్ మ్యాపులో పదిహేడో పేజీ

"టార్గెట్ నివియాక్. అమ్ముడుపోయిందని తేలితే అరెస్ట్ చెయ్యి" అన్నాడు చీఫ్ వైర్‌లెస్‌లో.

ఏజెంట్ ఉలయుక్ వైర్‌లెస్‌ని చెవికి అదుముకున్నాడు. నివియాక్ తన ఊరిదే, తన విభాగందే. ఆరు నెలల క్రితం రోల్ఫ్ నడిపే విదేశీ ముఠాలో గూఢచారిగా చేరి విభాగానికి రహస్యాలు పంపింది. రెండు నెలలుగా కబురు లేదు.

"రోల్ఫ్ ప్లాన్ ఏమిటి సార్?"

"ఆయిల్ ఒలికితే ముందు ఏ తీరాన్ని కాపాడాలో చెప్పే మ్యాపు. మూడింటికి సంతకం. తువాపిక్ అఖాతంలో వేట లేదు, ఖాళీ అని అందులో పడిందా, ఆయిల్ కారే రోల్ఫ్ ట్యాంకర్లన్నీ అక్కడే లంగరేస్తాయి."

తువాపిక్ ఖాళీయా! ఊరి సీల్ మాంసం, చేపలు, బాతు గుడ్లు, అన్నీ అక్కడివే.

ఊరంతా వేటకు పోయిన రోజు చూసి రోల్ఫ్ సంతకాలు పెట్టిస్తున్నాడు. ఊరి హాల్లో సంతకం పెట్టాల్సిన ప్రభుత్వ అధికారిణి, పరిశోధకుడి వేషంలో రోల్ఫ్, పక్కన నివియాక్. పెట్టుడు గడ్డంతో, పైలట్ వేషంలో ఉలయుక్.

నివియాక్ నవ్వుతూ రోల్ఫ్ మఫ్లర్ సర్దింది. ఉలయుక్‌కి ఒళ్ళు మండిపోయింది. నా మఫ్లర్ ఏనాడైనా సర్దిందా?

"పదిహేడో పేజీ నేనే రాశాను కదా!" అంది రోల్ఫ్‌తో, గారాలు పోతూ, కాస్త గట్టిగానే.

రాసిపెట్టడం కూడానా! ఆమెను పట్టించే సాక్ష్యం దొరుకుతుందన్న కసితో ఉలయుక్ బల్లమీది మ్యాపు ఫైలు లాగి ఆ పేజీ తీశాడు. ముసలమ్మ ఆసివక్ వాంగ్మూలం: 'మా నాన్న పోయాడు. అప్పటినుంచి తువాపిక్‌లో వేటాడేవాళ్ళే లేరు.'

ఉలయుక్‌కి నవ్వొచ్చింది. ఆసివక్ తండ్రి పేరే తనకు పెట్టారు. ఎనభై ఏళ్ళ ఆసివక్ తనను 'నాన్నా' అంటుంది, తను ఆమెను 'అమ్మాయ్' అంటాడు. ఆమె తల్లి పేరు పెట్టుకున్న నివియాక్‌ని 'అమ్మా' అంటుంది. పేరు బతికుండగా మనిషి పోయాడని ఆ ఊళ్ళో ఎవరూ అనరు.

మూడింటికి ఇంకా నిమిషం. అధికారిణి పెన్ను తీసింది. ఉలయుక్ వేటకెళ్ళినవాళ్ళతో మాట్లాడే గోడమీది రేడియో మైకు అందుకున్నాడు.

"అమ్మాయ్! ఆసివక్! ఎక్కడున్నావ్?"

"తువాపిక్‌లోనే నాన్నా! నాలుగో సీల్ కోస్తున్నా. కాలేయం దాచనా?"

"మీ నాన్న పోయాడని రాసిచ్చావట?"

"ఎవడా కూత కూసింది? పోతే ఈ అరిచేదెవరు?"

అధికారిణి పెన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగింది. రోల్ఫ్ చెయ్యి కోటులోకి పోయింది. అంతకంటే ముందే నివియాక్ లిప్‌స్టిక్ తుపాకీ అతని మెడకు తగిలింది.

"కదలకు డార్లింగ్."

ఉలయుక్ నోరు తెరిచాడు. "ఆ వాక్యం... కావాలనే రాశావా?"

"మరి? కబురు పంపే దారి లేదు. మనూరివాడెవడు చదివినా పట్టేస్తాడనుకున్నా. నువ్వేమో నన్ను చూస్తూ పళ్ళు నూరుతున్నావ్!"

"నువ్వు వాడి మఫ్లర్ సర్దుతుంటే... నిన్ను అరెస్ట్ చేద్దామనే వచ్చాను."

మైకు మీట మళ్ళీ ఎప్పుడు నొక్కాడో, అతని వేలికిందే ఉంది. చూసుకుని వదిలాడు. తువాపిక్ నుంచి ఆసివక్ గొంతు వచ్చింది.

"చచ్చి పుట్టినా అమ్మమీద నీ అనుమానం పోలేదు కదా నాన్నా!"