మచ్చల తీగ

ఆ కాలానికి విశాఖలో కిటికీలు తెరవడం మానేశారు. బయట ఉన్నది పీల్చే గాలి కాదు. అద్దాల మేడల్లో గాలిని శుభ్రం చేసేవి ఇళ్లలోని మనీప్లాంట్లే. జన్యువులు మార్చిన తీగలవి. వాటికి మొజాయిక్ వైరస్ పట్టుకుంది. ముందు ఆకుల మీద పసుపు మచ్చలు, ఆ తర్వాత తీగ నీరసించడం, చివరికి ఇంటిల్లిపాదికీ ఆయాసం.

అందుకే వైరాలజిస్టు వకుళ పత్రదర్శినిని కనిపెట్టింది. ఆకు వెలువరించే, కంటికి ఆనని కాంతిని చదివి, మచ్చ పడకముందే వైరస్‌ను పసిగట్టి, అడిగితే మాటల్లో చెప్పే పరికరమది. ప్రతి గుమ్మానికీ ఒకటి బిగించి, అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపారు. జబ్బు తీగను పీకి కాల్చేస్తే మిగతావి బతుకుతాయి. భర్త భుజంగరావు ఊపిరితిత్తులు అసలే బలహీనం. అందుకే వకుళకు ఇది ఒట్టి ఉద్యోగం కాదు.

తీరా చూస్తే జబ్బు తగ్గలేదు సరికదా, మేడంతా పాకింది. వకుళ ఒళ్లు మండిపోయి పరికరాన్నే నిలదీసింది.

"అసలు పనిచేస్తున్నావా నువ్వు?"

"చేస్తున్నాను. ఏ ఇంటి తీగకు వైరస్ ఉందో అడిగినవాళ్లకల్లా చెబుతున్నాను."

"ఎవరడుగుతున్నారు?"

"జబ్బు లేని ఇళ్లవాళ్లు. అందరికన్నా ఎక్కువగా ఎదురింటి పైడమ్మగారు."

వకుళ వెళ్లి పైడమ్మ తలుపు బాదింది.

"ఏటమ్మా ఆ బాదుడు? అవును, అడిగాను. మా తీగ ఒట్టి పచ్చగా ఏడుస్తోంది. మచ్చలుంటే ఎంత ముచ్చటగా ఉంటాదీ! ఎవరింట్లో ఉందో కనుక్కుని, పలకరింపుకని వెళ్లి ఓ కొమ్మ తుంచుకొచ్చాను."

"వాళ్లనడగలేదా?"

"అడిగితే బతుకుతాదేటి? మనీప్లాంటు ఎవరూ చూడకుండా తెస్తేనే కదా ఏపుగా పెరిగేది!"

"అది అందం కాదండీ, రోగం! మీ గొంతు మీరే పిసుక్కుంటున్నారు!"

"రోగమైతే అయింది. చూడ్డానికి బాగుంది కదా," అని పైడమ్మ దగ్గుకుంటూ తలుపేసుకుంది.

ఈ మనుషుల కోసమా ఇన్నేళ్లు రాత్రింబవళ్లు పనిచేసింది? పళ్లు కొరుక్కుంటూ వకుళ ఇంట్లోకి వచ్చింది.

కిటికీ దగ్గర గాజుగ్లాసు నీళ్లలో ఒక కొత్త కొమ్మ ఉంది. ఆకుపచ్చ మీద తేనెరంగు చిలకరించినట్టు మచ్చలు. పక్కనే కుర్చీలో భుజంగరావు ఎగరొప్పుతూ నవ్వాడు.

"పై అంతస్తుదాకా మెట్లెక్కి తెచ్చాను. ఎవరూ చూడలేదులే."

వకుళ కొమ్మను పీకి పారేయడానికి విసురుగా చెయ్యి చాచింది.

ఎండ పడి ఆకు మెరిసింది. ఎంత బాగుందో అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చాచిన చెయ్యి కొమ్మ మీదికి వెళ్లలేదు.