బల్ల కింది ఇటుకలు

పొద్దున్నే స్టవ్ మీద చాయ్ పెట్టి వాసంతి గోడకు ఆనుకుని నిలబడింది. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడుకు ఆమె కుడికాలు గచ్చు మీద తనంతట తానే కదిలింది. మగ్గం దిగి ఏడాదిన్నర అయింది. కాలికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమె రొమ్ముల బరువు మెడనూ భుజాలనూ కిందికి లాగేది. జంపఖానా నేయడానికి వంగితే ఛాతీ మగ్గం దూలానికి ఒరుసుకునేది. గంటకే వేళ్లు తిమ్మిరెక్కేవి. ఎక్కడ నొప్పో మగనికి చెప్పడానికి సిగ్గు. "మగ్గమే సరిగ్గ లేదు" అనేది. కొత్తవాడలో మగ్గాలు బాగుచేసే ఆమె భర్త సుదర్శన్ ఆ మాట నమ్మాడు. కూర్చునే బల్ల కింద ఇటుక పెట్టాడు. తర్వాత ఇంకొకటి. దూలం జరిపాడు. చివరికి బల్ల అంచునే కోశాడు. అయినా ఆమె దిగిపోయింది.

ఆ రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ చేస్తానని హనుమకొండ డాక్టరమ్మ చెప్పింది. రేపే చేరాలి. ఇంట్లో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

"ఇద్దరు పిల్లలు పాలు తాగి పెరిగిన రొమ్ములు," అంది అత్త భాగ్యమ్మ, చాయ్ అందుకుంటూ. "వాటికి కత్తి పెట్టిస్తవా? వాడకట్టోళ్లు ఏమంటరు?"

"మగ్గం పోతే పోయె," అన్నాడు సుదర్శన్ తలెత్తకుండా. "నిన్ను పనిచెయ్యమని ఎవరన్న అంటాన్రా?"

"ఎవరు అనలే. నాకే నెయ్యాలనున్నది."

వాసంతి సుదర్శన్ వైపు తిరిగింది.

"మగ్గానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినవు. దానికి రంపం పెట్టినప్పుడన్న బుగులు పడ్డవా? తప్పు దానిది కాదు. నాకు చెప్ప సిగ్గయింది. నువ్వు అడగలే."

ఆమె భుజం మీది జాకెట్ కొంచెం పక్కకు జరిపింది. లోదుస్తుల పట్టీ ఒరుసుకుని చర్మం నల్లగా గాడి పడి ఉంది. సుదర్శన్ చూశాడు, లేచి మగ్గం గదిలోకి వెళ్లిపోయాడు.

భాగ్యమ్మ ఆ గాడి మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

"నేను గూడ నలభై ఏండ్లకే మగ్గం దిగిన పిల్లా. కండ్లు కానొస్తలేవని అందరికి చెప్పిన," అంది మెల్లగా. "కండ్లు మంచిగనే ఉండె."

లోపల సుత్తి చప్పుడైంది. వాసంతి వెళ్లి చూసింది. సుదర్శన్ నేల మీద కూర్చుని బల్ల కింది ఇటుకలు లాగేస్తున్నాడు.

"పాత ఎత్తుకే పెడ్తాన. ఆపరేషనయి మంచిగయినంక కూసొని చూడు. కుదరకుంటే..." ఆగాడు. "ఈసారి మగ్గాన్ని కాదు, నిన్నే అడుగుత."

వాసంతి కళ్లు తుడుచుకోలేదు. పక్కింటి మగ్గం ఇంకా ఆడుతూనే ఉంది. ఆమె కుడికాలు దాని వెంటే నడిచింది.